టీబీ తగ్గాక మిగిలే దగ్గు: కళ్లెను రోజూ బయటికి తీసే పని

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామందికి మధ్యమధ్యలో దగ్గు తెర వస్తుంది. మొహమాటపడి ఆపుకోకండి. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని దగ్గండి, కళ్లె వస్తే మూత ఉన్న డబ్బాలో ఉమ్మేయండి. మింగొద్దు. ఇవాళ మాట్లాడుకునేదంతా ఆ కళ్లె గురించే.

టీబీ మందులు ఆరు నెలలూ తప్పకుండా వేసుకున్నారు. కళ్లె పరీక్షలో క్రిములు లేవని తేలింది. నయమైందని కార్డు మీద రాసిచ్చారు. అయినా ఏడాది తిరక్కుండా మళ్లీ దగ్గు, మళ్లీ జ్వరం, పొద్దున లేస్తే పచ్చటి కళ్లె. ఏడాదికి మూడుసార్లు, నాలుగుసార్లు ఇదే తంతు. "టీబీ తిరగబెట్టింది" అని ఇంట్లోవాళ్లు కంచం, గ్లాసు మళ్లీ వేరు పెడతారు. కొందరికి నిజంగానే తిరగబెడుతుంది, అందుకే పరీక్ష చేయించి తీరాలి. కానీ చాలామందిలో జరిగింది వేరు. టీబీ పోతూ పోతూ ఊపిరి గొట్టాలను పాడుచేసి పోయింది. ఆ గొట్టాలు వెడల్పై, గోడలు వదులై, లోపల ఊరే కళ్లెను పైకి తోసే శక్తి పోగొట్టుకున్నాయి. దీన్నే బ్రాంకియెక్టాసిస్ అంటారు. ఇది అంటుకునే జబ్బు కాదు. టీబీ లేదని పరీక్షలో తేలిన మనిషికి ఇంట్లో వేరే కంచం పెట్టడం అన్యాయం. ఆ మనిషి మనవల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు.

మన దేశంలో ఈ జబ్బుకు కారణాల్లో టీబీదే మొదటి స్థానం. 31 ఆసుపత్రుల్లో 2,195 మంది రోగుల వివరాలు నమోదు చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. అందులో నూటికి 35 మందికి పైగా టీబీ తర్వాతే ఇది వచ్చింది. చిన్నప్పుడు తీవ్రంగా వచ్చిన నిమోనియా, కోరింత దగ్గు, తట్టు కూడా ఇలాంటి మచ్చే మిగల్చగలవు. ఎన్నేళ్లుగానో ఉబ్బసం ఉండి, కళ్లెలో గోధుమ రంగు ఉండలు పడేవాళ్లలో ఆస్పర్జిల్లస్ అనే బూజుకు శరీరం ఎదురుతిరగడం వల్ల ఇది వస్తుంది. దాని చికిత్స పూర్తిగా వేరు. కాబట్టి జబ్బు బయటపడిన కొత్తలో ఒక్కసారి రక్తంలో ఐజీఈ అనే అలర్జీ పరీక్ష, ఆస్పర్జిల్లస్ పరీక్షలు, రోగనిరోధక శక్తికి సంబంధించిన ఇమ్యునోగ్లోబులిన్ పరీక్షలు చేయించుకోవాలి. వీటికి డబ్బు దండగని అనుకోవద్దు. కారణం దొరికితే కొందరికి దారే మారిపోతుంది.

ఇక అసలు విషయం. ఇన్ఫెక్షన్ ఎందుకు పదేపదే వస్తోంది? గట్లు తెగి మడుగులు కట్టిన పంటకాలువను తలుచుకోండి. పారే నీరు పాచి పట్టదు, నిలిచిన నీరు పడుతుంది. ఊపిరి గొట్టాల లోపలి గోడల మీద కంటికి కనపడని సన్నటి నూగు ఉంటుంది. అది రాత్రీ పగలూ కదులుతూ దుమ్మును, క్రిములను కళ్లెతో కలిపి గొంతు దాకా తోస్తుంది. టీబీ మచ్చలున్న చోట ఆ నూగు ఉండదు. కళ్లె నిలుస్తుంది, నిలిచినచోట క్రిములు పెరుగుతాయి, వాటితో పోరాడే తెల్లకణాలు చచ్చి చీము అవుతాయి, ఆ తెల్లకణాలు వదిలిన రసాయనాలే గొట్టం గోడను ఇంకాస్త తింటాయి. గోడ వదులైనకొద్దీ మరింత కళ్లె నిలుస్తుంది. యాంటీబయాటిక్ క్రిములను తగ్గిస్తుంది, నిలిచిన కళ్లెను మాత్రం తీయలేదు. అది మీరు తీయాల్సిందే. బాగున్న రోజున కూడా తీయాలి. పళ్లు తోముకోవడం నొప్పి వచ్చిన రోజే చేయం కదా.

పరీక్షల సంగతి చెప్పి ముందుకు వెళ్తాను, ఎందుకంటే ఇక్కడ చాలామంది నష్టపోతున్నారు. పాత టీబీ మచ్చ ఎక్స్‌రేలో జీవితాంతం కనపడుతుంది. ఆ మచ్చను చూసి, కళ్లె పరీక్ష లేకుండానే, మళ్లీ టీబీ మందులు మొదలుపెట్టించుకున్నవాళ్లు తక్కువేం లేరు. ఎక్స్‌రే ఒక్కదాని మీద ఆధారపడి రెండోసారి, మూడోసారి టీబీ కోర్సు వేసుకోవద్దు. పాత ఎక్స్‌రేలన్నీ తేదీల వారీగా ఒక కవరులో దాచుకుని ప్రతిసారీ తీసుకెళ్లండి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెడితేనే మచ్చ పెరిగిందో లేదో తెలుస్తుంది. సీబీనాట్, ట్రూనాట్ పరీక్షలు మంచివే, కానీ అవి క్రిమి జన్యుపదార్థాన్ని పట్టుకుంటాయి. చచ్చిన క్రిముల జన్యుపదార్థం చికిత్స అయ్యాక కూడా కొంతకాలం మిగిలి ఉంటుంది. అందుకే ఒకసారి టీబీ మందులు వాడినవాళ్లకు ఆ పరీక్ష పాజిటివ్ వస్తే కల్చర్‌కు, అంటే బతికున్న క్రిములను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షకు కూడా పంపించమని అడగండి. ఫలితానికి ఆరు వారాల దాకా పట్టవచ్చు. బ్రాంకియెక్టాసిస్ ఉందో లేదో, ఎక్కడ ఉందో తేల్చేది ఛాతీకి తీసే హెచ్‌ఆర్‌సీటీ అనే సీటీ స్కాన్. ఆ రిపోర్టులో ఏ వైపు, ఏ లోబ్, అంటే ఊపిరితిత్తిలో ఏ భాగం అని రాసి ఉంటుంది. అది చూసుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

ఇప్పుడు కళ్లె తీసే పద్ధతి. ఇది నిదానంగా చెప్తాను, మీరూ కూర్చున్నచోటే చేసి చూడండి.

కుర్చీలో వెన్ను ఆనించి కూర్చోండి. భుజాలు వదిలేయండి. ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకోండి. ముందు అరనిమిషం మామూలు ఊపిరి, పొట్ట మీది చెయ్యి మాత్రమే లేవాలి, ఛాతీ కాదు. తర్వాత ముక్కుతో నిండుగా గాలి పీల్చి, లోపలే మూడు సెకన్లు ఆపి, బలవంతం లేకుండా వదలండి. ఇలా మూడు నాలుగుసార్లు, అంతకు మించొద్దు, తల తిరుగుతుంది. ఆ మూడు సెకన్లు ఎందుకంటారా? కళ్లె అడ్డుపడ్డ గొట్టాల వెనకకు పక్క దారుల్లోంచి గాలి చేరాలి. వెనక గాలి లేకపోతే ముందున్న కళ్లెను తోసేది ఏదీ ఉండదు. మళ్లీ అరనిమిషం మామూలు ఊపిరి.

ఇప్పుడు హఫ్. కళ్లజోడు అద్దం తుడవడానికి నోరు తెరిచి "హా" అని ఆవిరి పట్టిస్తాం చూడండి, అదే. నోరు గుండ్రంగా తెరవాలి, గొంతు తెరిచే ఉండాలి, పొట్ట కండరాలతో గాలిని తోయాలి. మొదటి హఫ్‌కు సగం ఊపిరే తీసుకుని, పొడుగ్గా వదలండి. అది లోతున చిన్న గొట్టాల్లో ఉన్నదాన్ని కదుపుతుంది. ఛాతీలో గురగుర పైకి వచ్చినట్టు అనిపించాక, నిండుగా పీల్చి పొట్టిగా, గట్టిగా ఒక హఫ్. అది పెద్ద గొట్టాల్లోకి వచ్చిన కళ్లెను గొంతులోకి తెస్తుంది. అప్పుడు ఒక్క దగ్గు చాలు. ఒక విడతలో హఫ్‌లు రెండుకు మించొద్దు, వెంటనే మళ్లీ మామూలు ఊపిరి. వరసగా హఫ్ చేస్తే గొట్టాలు బిగుసుకుపోయి పిల్లికూతలు వస్తాయి. చాలామంది చేసే పొరపాటు అదే. రెండో పొరపాటు గొంతు మూసి "ఖ్" అని ఊదడం. అప్పుడు గొంతు మంట తప్ప కళ్లె రాదు. మూడోది, కళ్లె రాలేదని ఐదు నిమిషాలు ఏకబిగిన దగ్గడం. ఎడతెగని దగ్గుకు వదులైన గొట్టాలు మూసుకుపోతాయి, కళ్లె లోపలే బందీ అవుతుంది, మీకు మిగిలేది పక్కటెముకల నొప్పి.

ఈ చక్రాన్ని పది నిమిషాల నుంచి అరగంట దాకా చేయండి. వరసగా రెండు విడతల్లో హఫ్ పొడిగా, శబ్దం లేకుండా వస్తే ఆ పూటకు అయిపోయినట్టే. రోజుకు ఒకసారి తప్పనిసరి, కళ్లె ఎక్కువ పడేవాళ్లకు రెండుసార్లు. పొద్దున టిఫిన్‌కు ముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి. అన్నం తిన్నాక రెండు గంటల లోపు చేయొద్దు, వాంతి అవుతుంది, తిన్నది ఊపిరి గొట్టంలోకి జారే ప్రమాదమూ ఉంది. పడుకునే ముందు మరీ ఆలస్యంగా చేస్తే కదిలిన కళ్లె రాత్రంతా దగ్గిస్తుంది.

స్కాన్ రిపోర్టు ఇక్కడ పనికొస్తుందన్నాను. జబ్బు పై లోబ్‌లో ఉంటే కూర్చుని చేస్తే చాలు, కళ్లె తన బరువుకే కిందికి జారుతుంది. టీబీ సాధారణంగా పై లోబ్‌నే పాడుచేస్తుంది కాబట్టి, వీళ్లలో కొందరికి కళ్లె తక్కువే, దానికి బదులు అప్పుడప్పుడు నెత్తురు పడుతుంది. కింది లోబ్ పాడైనవాళ్లు పక్కకు పడుకోవాలి. జబ్బున్న వైపు పైకి ఉండాలి. కుడి కింది లోబ్ అయితే ఎడమ పక్కకు తిరిగి పడుకుని అదే చక్రం చేయాలి. నడుము కింద రెండు దిండ్లు పెట్టి తల పల్లం చేస్తే ఇంకా బాగా జారుతుంది, కానీ గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, గుండెలో మంట, పుల్లటి తేన్పులు, ఈమధ్య నెత్తురు పడినవాళ్లు, గర్భిణులు తల పల్లం చేయొద్దు. వాళ్లకు బల్లపరుపుగా పక్కకు పడుకోవడమే మంచిది. ఒక్కో వైపు పది నిమిషాలు.

వీపు మీద గట్టిగా తట్టించుకోవడం అవసరమా అని చాలామంది అడుగుతారు. హఫ్ చేయగలిగిన మనిషికి అవసరం లేదు. మంచం పట్టిన పెద్దవాళ్లకు, హఫ్ నేర్వలేని పిల్లలకు ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని చేయండి. ఇంకొకటి, చాలా ఇళ్లలో మూడు బంతుల స్పైరోమీటర్ ఉంటుంది. బంతులు లేపితే కళ్లె పోతుందని కష్టపడుతుంటారు. అది నిండుగా పీల్చడం నేర్పే సాధనం, ఆపరేషన్ అయినవాళ్లకు ఎక్కువ పనికొస్తుంది. కళ్లె తీసే పనికి అది హఫ్ స్థానంలోకి రాదు. ఊదినప్పుడు గాలిని అదిరించే ఫ్లటర్ లాంటి పరికరాలు వేరు, అవి నిజంగా సాయపడతాయి. వాటిలో పది పదిహేను సార్లు ఊది, తర్వాత హఫ్ చేయాలి.

కళ్లె జిగటగా, తీగలా సాగుతుంటే ఉప్పునీటి నెబ్యులైజేషన్ ఉంది, అంటే ఉప్పునీటిని మెషిన్‌తో తుంపరగా మార్చి పీల్చడం. మందుల షాపుల్లో 3 శాతం, 7 శాతం శుద్ధమైన సెలైన్ దొరుకుతుంది. ఒక్కో విడతకు 4 లేదా 5 మిల్లీలీటర్లు. మొదటి విడత తప్పకుండా ఆసుపత్రిలోనే తీసుకోవాలి. కొందరికి గొట్టాలు బిగుసుకుంటాయి కాబట్టి, ముందూ తర్వాతా ఊది చూపించే పరీక్ష చేసి, పడుతుందంటేనే ఇంటికి రాస్తారు. ఇంట్లో ఉప్పు కలిపి మరగబెట్టి నెబ్యులైజర్‌లో పోయడం మాత్రం ఎప్పుడూ చేయకండి. మన ఉప్పులో అయోడిన్ ఉంటుంది, మలినాలుంటాయి, కొలత కుదరదు, క్రిములు చేరతాయి. వరుస గుర్తుపెట్టుకోండి: ముందు గొట్టాలు తెరిచే సాల్బుటమాల్, పది పదిహేను నిమిషాలాగి ఉప్పునీరు, తర్వాత హఫ్ చక్రం. పీల్చే యాంటీబయాటిక్ కానీ పీల్చే స్టెరాయిడ్ కానీ రాసి ఉంటే అవి చివర. కళ్లె నిండిన గొట్టంలోకి ముందే పంపితే మందు కళ్లె మీద వాలుతుంది, గోడకు చేరదు.

నెబ్యులైజర్ ఉన్నవాళ్లు దాని గిన్నె, మాస్కు ఎలా కడుగుతున్నారో ఆలోచించండి. వాడి, దులిపి, అలాగే కవరులో చుట్టి పెట్టేస్తే, రెండు రోజుల్లో అందులోనే క్రిములు పెరుగుతాయి. సూడోమోనాస్ అనే క్రిమికి తడి అంటే మహా ఇష్టం, ఈ జబ్బులో మన రోగుల కళ్లెలో ఎక్కువగా కనిపించే క్రిమి కూడా అదే. ఒకసారి లోపల పాతుకుంటే వెళ్లగొట్టడం చాలా కష్టం. వాడిన ప్రతిసారీ గిన్నె విప్పి సబ్బు కలిపిన గోరువెచ్చని నీటితో కడిగి, కాచి చల్లార్చిన నీటితో తొలిచి, విదిలించి, శుభ్రమైన గుడ్డ మీద ఆరబెట్టండి. రోజుకు ఒకసారి, తయారీదారు మరిగించవచ్చని రాసి ఉంటే, మరిగే నీటిలో ఐదు నిమిషాలు ఉంచండి. మెషిన్‌కూ గిన్నెకూ మధ్య ఉండే ట్యూబును కడగొద్దు, లోపల తడి ఆరదు. తేమ కనిపిస్తే గిన్నె తీసేసి మెషిన్ రెండు నిమిషాలు ఆడించండి. మెషిన్ పక్కన చిన్న తెల్ల ఫిల్టరు ఉంటుంది, అది బూడిద రంగుకు తిరిగితే మార్చాలి.

ఇన్‌హేలర్ల గురించి రెండు మాటలు. గ్యాస్‌తో వచ్చేదాన్ని స్పేసర్, అంటే ఇన్‌హేలర్‌కు తగిలించే బోలు డబ్బా, పెట్టుకునే వాడండి. ఊపి, ఒక్క పఫ్ కొట్టి, నాలుగైదు సెకన్ల పాటు మెల్లగా పీల్చి, పది సెకన్లు ఆపాలి. రెండో పఫ్‌కు అరనిమిషం ఆగాలి. స్పేసర్‌ను వారానికోసారి సబ్బునీటిలో ముంచి, తుడవకుండా ఆరనివ్వండి. గుడ్డతో రుద్దితే లోపల స్థిర విద్యుత్తు పుట్టి మందు గోడకే అంటుకుంటుంది. పొడి క్యాప్సూల్ రకానికి ఇందుకు విరుద్ధంగా చేయాలి, గట్టిగా, వేగంగా పీల్చాలి. ఆ క్యాప్సూల్‌ను మాత్రలా మింగేస్తున్నవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. పెద్దవాళ్లు ఎలా వాడుతున్నారో పిల్లలు ఒకసారి దగ్గర కూర్చుని చూడండి. ఇంకొకటి, ఉబ్బసం కానీ సీఓపీడీ (పొగ వల్ల ఎక్కువగా వచ్చే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) కానీ లేకుండా ఒట్టి బ్రాంకియెక్టాసిస్‌కు పీల్చే స్టెరాయిడ్ మామూలుగా అక్కర్లేదు, నిమోనియా ముప్పు పెరుగుతుంది. మీకు ఎందుకు రాశారో డాక్టరును అడగండి.

ఇప్పుడు ఇన్ఫెక్షన్ వచ్చినప్పటి సంగతి. ముందు మీ మామూలు రోజు ఎలా ఉంటుందో తెలిసి ఉండాలి. ఒక గాజు గ్లాసులోనో పారదర్శకమైన డబ్బాలోనో ఒక రోజంతా వచ్చిన కళ్లెను పట్టి, కదపకుండా ఉంచి చూడండి. ఎక్కువ పడేవాళ్లలో అది మూడు పొరలుగా తేరుతుంది: పైన నురగ, నడుమ మబ్బు పట్టిన నీరు, అడుగున చిక్కటి చీము. అడుగు పొర ఎంత మందం, ఏ రంగు, అది క్యాలెండర్ మీద తేదీ పక్కన రాసుకోండి. తెలుపా, పసుపా, ముదురు పచ్చా, రెండు చెంచాలా, అర గ్లాసా. చూశాక ఆ డబ్బాలో ఫినాయిల్ పోసి ఒక గంట ఉంచి మరుగుదొడ్డిలో పారబోయండి.

దగ్గు పెరగడం, కళ్లె ఎక్కువవడం లేదా చిక్కబడటం, రంగు ముదరడం, ఆయాసం పెరగడం, నీరసం, నెత్తురు జీర. ఈ ఆరింటిలో మూడు మారి, రెండు రోజులు అలాగే ఉంటే ఇన్ఫెక్షన్ ముదిరిందని లెక్క. ఒక్క పూట రంగు మారితే యాంటీబయాటిక్‌కు పరుగెత్తకండి, ఆ రోజు కళ్లె తీసే విడతలు రెండు నుంచి మూడు నాలుగుకు పెంచండి. జ్వరం లేకపోయినా ఇన్ఫెక్షన్ ఉండొచ్చు, ముఖ్యంగా పెద్దవాళ్లలో.

మొదటి మాత్ర మింగక ముందే కళ్లె కల్చర్‌కు ఇవ్వాలి. ఇది వెయ్యిసార్లు చెప్పినా తక్కువే. పొద్దున లేవగానే మంచినీళ్లతో నోరు పుక్కిలించి, హఫ్ చక్రం చేసి, లోతు నుంచి వచ్చిన కళ్లెను ల్యాబ్ ఇచ్చిన డబ్బాలో ఒక చెంచాడు, అంటే 5 మిల్లీలీటర్లు పట్టండి. ఉమ్మి పోస్తే ల్యాబ్ వాళ్లు పనికిరాదని పారేస్తారు. రెండు గంటల్లో చేర్చాలి. ఊరు దూరమైతే డబ్బాకు రెండు కవర్లు తొడిగి ఐస్ ముక్కలున్న ఫ్లాస్కులో పెట్టి పంపండి. ఫలితం వచ్చేదాకా మందు ఆపక్కర్లేదు, పాత కల్చర్ రిపోర్టు చూసి డాక్టరు మొదలుపెడతారు. అందుకే పాత రిపోర్టులు బంగారంలా దాచుకోవాలి.

ఈ జబ్బులో యాంటీబయాటిక్ సాధారణంగా 14 రోజులు వాడాలి. మూడు రోజులకు జ్వరం తగ్గింది కదా అని ఆపితే, చిక్కటి కళ్లె మధ్యలో దాక్కున్న క్రిములు మిగులుతాయి, వాటిలో మందుకు లొంగనివే ఎక్కువ మిగులుతాయి. తర్వాతిసారి ఆ మాత్ర పనిచేయదు. ఇక లీవోఫ్లాక్సాసిన్ లాంటి మందులను మీ అంతట మీరు షాపులో కొనొద్దు. అవి టీబీ క్రిమిని కూడా కొంత అణుస్తాయి. టీబీ నిజంగా తిరగబెట్టి ఉంటే నాలుగు రోజులు మెరుగనిపించి, పరీక్షలో దొరక్కుండా పోయి, తర్వాత మొండిదై తిరిగి వస్తుంది.

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక ఇంజెక్షన్ చేయించుకుంటే గంటలో ఆయాసం తగ్గిపోతుంది. చాలాసార్లు అందులో ఉండేది డెక్సామెథసోన్, అంటే స్టెరాయిడ్. అవసరమైన చోట అది ప్రాణం కాపాడే మందు. నెలకోసారి అలా పొడిపించుకుంటే మాత్రం షుగరు వస్తుంది, ఎముకలు గుల్లవుతాయి, లోపలి క్రిములకు అడ్డు తొలగిపోతుంది. ఏ ఇంజెక్షన్ చేస్తున్నారో పేరు కాగితం మీద రాయించుకోండి. రాయనంటే చేయించుకోవద్దు.

ఏడాదికి మూడు, అంతకన్నా ఎక్కువసార్లు ఇన్ఫెక్షన్ వచ్చేవాళ్లకు అజిత్రోమైసిన్‌ను వారానికి మూడు రోజుల చొప్పున నెలల తరబడి ఇచ్చే పద్ధతి ఉంది. మంచి ఫలితమే ఇస్తుంది. కానీ మొదలుపెట్టే ముందు కళ్లెలో టీబీ, టీబీని పోలిన ఇతర మైకోబ్యాక్టీరియా లేవని కల్చర్‌తో తేల్చుకోవాలి, ఈసీజీ తీయించుకోవాలి, వినికిడి ఎలా ఉందో చూసుకోవాలి. పక్కింటాయనకు రాసిన చీటీతో కొనే మందు కాదది.

నెత్తురు గురించి. కళ్లెలో ఎర్ర జీర కనిపిస్తే కంగారు వద్దు, కానీ ఆ రోజు ఉప్పునీటి నెబ్యులైజేషన్, తల పల్లం చేయడం, తట్టడం ఆపి డాక్టరుకు చెప్పండి. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే అదీ చెప్పాలి. చెంచా, రెండు చెంచాల స్వచ్ఛమైన నెత్తురు పడితే ఆ రోజే ఆసుపత్రికి. సగం టీ గ్లాసు దాటితే 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేలోపు జబ్బున్న వైపు కిందికి వచ్చేలా పక్కకు పడుకోబెట్టండి. కళ్లె తీసేటప్పుడు ఆ వైపు పైకి ఉండాలన్నాను, నెత్తురు పడినప్పుడు అదే వైపు కిందికి. బాగున్న ఊపిరితిత్తి నెత్తురుతో నిండిపోకూడదు కాబట్టి. అందుకే ఇంట్లో అందరికీ ఏ వైపు జబ్బో తెలిసి ఉండాలి. మంచం పక్క గోడ మీద రాసిపెట్టుకున్నా తప్పులేదు. పాత టీబీ గుంటలో బూజు ఉండ కట్టి నెత్తురు పడేవాళ్లూ ఉన్నారు. నెత్తురు కారే నాళాన్ని తొడ దగ్గర నుంచో చేతి దగ్గర నుంచో తీగ పంపి మూసేసే చికిత్స పెద్ద ఆసుపత్రుల్లో చేస్తారు.

తిండి దగ్గర మనవాళ్లకు పట్టింపులెక్కువ. పెరుగు తింటే కళ్లె, అరటిపండు తింటే జలుబు, పాలు తాగితే కఫం అని ఒక్కొక్కటీ మానేసి, చివరకు చారన్నం మీద బతుకుతుంటారు. పాలు, పెరుగు కళ్లె ఉత్పత్తిని పెంచవు. పాలు తాగాక గొంతులో కాసేపు జిగటగా అనిపిస్తుంది, అంతే. బరువు తగ్గిపోవడం ఈ జబ్బులో చాలా చెడ్డ గుర్తు. దగ్గడానికి, హఫ్ చేయడానికి కండ కావాలి, కండకు మాంసకృత్తులు కావాలి. రోజుకు రెండు గుడ్లు, రెండు పూటలా గట్టి పప్పు, ఉడకబెట్టిన శనగలు, పల్లీలు, వీలైతే చేప. ఆయాసంతో ఒకేసారి కడుపునిండా తినలేనివాళ్లు ఐదారు విడతలుగా తినండి. నెలకోసారి ఒకే తూకం మీద బరువు చూసుకుని, అదే క్యాలెండర్ మీద రాయండి.

నడక రోజూ అరగంట. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంత వేగం చాలు. మొదట్లో ఐదు నిమిషాలు నడిచి కూర్చుని మళ్లీ నడిచినా ఫర్వాలేదు.

పొగ, దుమ్ము గురించి తెలియనివాళ్లుండరు, కానీ ఎక్కడెక్కడ దాక్కుందో చూడాలి. బీడీ, సిగరెట్ మానాలన్నది సరే. శ్రీకాకుళం, విశాఖ వైపు పెద్దవయసు ఆడవాళ్లలో అడ్డపొగ, అంటే నిప్పున్న చివరను నోట్లో పెట్టుకుని చుట్ట తాగడం, ఇంకా ఉంది, అడిగితే తప్ప చెప్పరు. కట్టెల పొయ్యి వంటకు తీసేసినా స్నానాల నీళ్లకు పెరట్లో ఉంటుంది. ఎండుమిర్చి దంచడం, కారం పట్టించడం, పత్తి ఏరడం, వడ్లు తూర్పారపట్టడం ఇంకొకరికి వదిలేయండి. బూజు పట్టిన పాత గడ్డివాము కదపొద్దు, ఆస్పర్జిల్లస్ బూజు అందులో ఉంటుంది. భోగి మంట దగ్గరికి వెళ్లకండి, దీపావళి రాత్రి కిటికీలు మూసి లోపల ఉండండి.

టీకాలు: ఫ్లూ టీకా ఏడాదికోసారి, మన దగ్గర వానల్లో ఫ్లూ పెరుగుతుంది కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో వేయించుకుంటే మేలు. నిమోకాకల్ టీకా కూడా వేయించుకోవాలి, ఏ రకం, ఎన్ని డోసులన్నది మీ వయసును బట్టి డాక్టరు చెప్తారు.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

(సభలోంచి: ఆవిరి పడితే కళ్లె కరగదా?)

ముక్కు దిబ్బడ తగ్గుతుందమ్మా. లోపలి గొట్టాల దాకా ఆ ఆవిరి ఉపయోగపడేంతగా చేరదు. మరిగే గిన్నె ఒళ్లో ఒలికి కాలిన కేసులు మాత్రం చాలా వస్తాయి. పట్టాలనుకుంటే గిన్నె బల్ల మీద పెట్టి పట్టండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. దగ్గును అణిచే సిరప్‌లు మాత్రం వద్దు. ఈ జబ్బులో దగ్గు మీకు పనిచేసి పెడుతోంది.

(సభలోంచి: మృగశిర కార్తె నాడు చేప మందుకు వెళ్లొచ్చా?)

వెళ్లడం మీ నమ్మకం, దాని మీద నేను వాదించను. అది ఈ జబ్బును తగ్గిస్తుందనడానికి శాస్త్రీయ రుజువు లేదు. వెళ్లేవాళ్లు ఇన్‌హేలర్ జేబులో పెట్టుకోండి, మాస్కు పెట్టుకోండి, ఆ మందు వేసుకున్నామని ఉన్న మందులు ఆపకండి. మింగేటప్పుడు పొరబోయే అవకాశం ఉన్న ముసలివాళ్లను, బాగా ఆయాసం ఉన్నవాళ్లను తీసుకెళ్లకండి.

(సభలోంచి: మా నాన్నగారికి ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకోమన్నారు. ఎంత పెట్టాలి? కరెంటు పోతే ఎలా?)

రాసినంతే పెట్టాలి బాబూ. ఆయాసం పెరిగిందని ఇంట్లోవాళ్లు నిమిషానికి 2 లీటర్లను 5కు తిప్పేస్తారు. కొంతమందిలో అలా పెంచితే లోపల బొగ్గుపులుసు వాయువు పేరుకుని మనిషి మత్తులోకి జారిపోతాడు. పొద్దున తలనొప్పి, పగలంతా మగత, చేతులు వణకడం కనిపిస్తే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇలాంటివాళ్లకు వేలికి పెట్టే పల్స్ ఆక్సిమీటర్‌లో ఆక్సిజన్ 88 నుంచి 92 శాతం మధ్య ఉంటే చాలు, మీ నాన్నగారికి ఎంత ఉండాలో డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. గోరింటాకు, గోళ్ల రంగు ఉన్న వేలికి, చల్లబడిన వేలికి పెట్టి చూడొద్దు. ఇంట్లో ఆక్సిజన్ రాసింది ఆయాసం వచ్చినప్పుడు కాసేపు పెట్టుకోవడానికి కాదు, రోజుకు కనీసం 15 గంటలు ఉండాలి, నిద్రలో కూడా. పొయ్యికి, దేవుడి దీపానికి, అగరొత్తులకు దూరంగా ఉంచాలి, ఆ గదిలో ఎవరూ బీడీ ముట్టించకూడదు.

కరెంటు పోయినప్పటికి ఒక బి-టైప్ సిలిండర్ నింపించి పెట్టుకోండి. దాంట్లో 1,500 లీటర్ల ఆక్సిజన్ పడుతుంది, నిమిషానికి 2 లీటర్ల చొప్పున 12 గంటలు వస్తుంది. రెగ్యులేటర్‌ను ముందే బిగించి, ఒకసారి తెరిచి చూసి, మళ్లీ మూసేయండి. బిగిసిందని నూనె, గ్రీజు రాయకండి, ఆక్సిజన్ తగిలి అంటుకుంటుంది. సిలిండర్ పడిపోకుండా గొలుసుతో గోడకు కట్టండి, తెరిచే తాళంచెవిని దాని మెడకే తాడుతో కట్టేయండి. అర్ధరాత్రి చీకట్లో వెతుక్కునేది సాధారణంగా దాన్నే.